రెండు కందెనలు

నా కాళ్ల పగుళ్లు చూడలేక మా మనవరాలు బెంజ్ సర్కిల్ దగ్గరి మందుల షాపులో ఒక ట్యూబు కొని తెచ్చింది. దాని ధర చూసి ముందు తిట్టాను, తిట్టడం అయ్యాక మూత తీసి వాసన చూశాను. పైపైన ఏదో గులాబీ వాసన పూసి పెట్టారు గానీ, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపేసరికి దాని అడుగు నుంచి ఇంకో వాసన లేచింది. వానలో తడిసిన గొర్రె వాసన, కరిగిన తేనె మైనం వాసన, ఆ రెండిటి కిందా పలచగా ఆముదం జిడ్డు. మూత బిగించి అలమరలో పెట్టేశాను. "ఏంటి మామ్మా, నచ్చలేదా?" అంది పిల్ల. నచ్చకపోవడం కాదు. ఆ వాసన నాకు యాభై ఏళ్లుగా తెలుసు, దాన్ని మడమలకు రాసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు.

మా వంటింటి గట్టు మీద ఒక ఉక్కు కడియం ఉంటుంది. చేతికి తొడుక్కునేంత పెద్దది కాదు, పిడికిట్లో పట్టేంతది, బరువుగా ఉంటుంది. దాని మధ్యలో ఒక ఇత్తడి గొట్టం సగం దాకా దూరి, అటూ పోక ఇటూ రాక ఇరుక్కుపోయి ఉంటుంది. అల్లం, వెల్లుల్లి చితక్కొట్టడానికి దాన్ని వాడుకుంటాను, ఉన్న వస్తువుని ఊరికే పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి. చూసినవాళ్లు పాత రోలు ముక్కేమో అనుకుంటారు. అది మా నాన్న తుపాకీ తూటాలు బాగుచేసుకునే కడియం. అలా ఇరుక్కుపోయింది నా వల్ల.

మాది కొల్లేటి ఒడ్డున, కైకలూరు రోడ్డుకు బాగా లోపలగా ఉండే పేట. వానాకాలంలో నీళ్లు మా పెరటి దాకా వచ్చి గుమ్మడి పాదుని ముంచేవి, ఎండాకాలంలో కంటికి ఆననంత దూరం వెనక్కి పోయి, వదిలిపోయిన బురద పెచ్చులు పెచ్చులుగా పగిలేది, ఆ పెచ్చుల మీద కలువ దుంపలు తవ్వుకుంటూ, నత్తలు ఏరుకుంటూ, ఎండ్రకాయ బొరియల్లో పుల్లలు పెట్టి కెలుకుతూ పిల్లలం పొద్దుగూకేదాకా తిరిగేవాళ్లం. తవ్విన దుంపలు అమ్మ ఉప్పేసి ఉడకబెడితే సగం తిని సగం రేపటికి దాచేవాళ్లం. రేపటికి దాచడం మా ఇంట్లో ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చే విద్య. మంచు పడటం మొదలయ్యాక మాత్రం ఆటలన్నీ ఆగిపోయేవి, ఎందుకంటే అప్పుడు ఆకాశం నిండా బాతులు వచ్చేవి, బాతులు వచ్చాయంటే మా నాన్నకి పని వచ్చిందన్నమాట.

నాన్న పేరు దేవదానం. సన్నగా, పొడుగ్గా, ఒక భుజం కొంచెం కిందికి వంగి ఉండేవాడు, మాట తక్కువ. ఆయన దగ్గర లైసెన్సున్న ఒంటి గొట్టం తుపాకి ఉండేది. రైతులు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమళ్లు పోసేది సరిగ్గా క్రిస్మస్ ముందు. మొలకెత్తిన విత్తనం పలచటి నీళ్లలో తెల్లగా మెరుస్తుంటే, సందె వేళకి కొల్లేట్లోంచి బాతులు గుంపులుగా లేచి వచ్చి మడి మీద వాలేవి, తెల్లారేసరికి మడిలో నీళ్లు తప్ప విత్తనం ఉండేది కాదు. వాటిని బెదరగొట్టడానికి, నాలుగిటిని కొట్టడానికి రైతులంతా కలిసి మా నాన్నని కాపలా పెట్టుకునేవాళ్లు. అందుకు ఒబ్బిడి అయ్యాక, అంటే కోతలూ నూర్పిళ్లూ ముగిశాక, ధాన్యం కొలిచేవాళ్లు. పడిన పిట్ట మాది. ఆ ధాన్యంతోనే మా ఇంట్లో ఏడాది గడిచేది, ఆ పిట్టలతోనే క్రిస్మస్ కూర.

కొట్లో అమ్మే తూటాలు కొనే స్తోమత మాకు లేదు. నాన్న దగ్గర నలభై ఇత్తడి డొల్లలు ఉండేవి. అంటే పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలు. వాటినే మళ్లీ మళ్లీ నింపుకుని వాడేవాడు. అయితే ఇత్తడి డొల్ల పేలినప్పుడల్లా కాస్త ఉబ్బుతుంది, ఉబ్బింది తిరిగి తుపాకిలో పట్టదు. దాన్ని ఆ ఉక్కు కడియంలోంచి చెక్క సుత్తితో తోస్తే మళ్లీ పాత కొలతకి వస్తుంది. పెళ్లికి ముందు నాన్న విజయవాడ వన్ టౌన్‌లో ఒక తుపాకుల మరమ్మతు కొట్లో పనిచేశాడు, ఆ కొట్టు ముసలి సాహెబు గారు కొట్టు మూసేసే రోజున ఈ కడియం నాన్న చేతిలో పెట్టి, "దీన్ని ఎప్పుడూ పొడిగా ముట్టుకోమాక" అన్నారట. మా పేటలో గానీ, కైకలూరులో గానీ అలాంటిది ఇంకొకటి లేదు. చేయించుకుందామన్నా దాని కొలత తెలిసిన మనిషి సాహెబు గారొక్కరే, ఆయన అప్పటికే పోయారు.

పొడిగా తోస్తే డొల్ల పట్టేస్తుంది కనుక పైన ఏదో ఒక జిడ్డు రాయాలి. ఆ ఏదో ఒకటి ఏంటన్న దాని మీద నాన్న ఎన్నేళ్లు తిప్పలు పడ్డాడో నాకు గుర్తున్నంత బాగా మా అమ్మకీ గుర్తుండేది కాదు. కొబ్బరినూనె జారిపోయి డొల్ల కీచుమనేది. బట్టల సబ్బు బాగానే జారేది గానీ రెండో రోజుకి ఇత్తడి మీద పచ్చగా చిలుము కట్టేది. గొడ్డు కొవ్వు రాసిన ఏడాది ఎలుకలు వచ్చి నాకి, ఒక డొల్లని చూరులోకి ఈడ్చుకుపోయాయి. లారీ షెడ్డు నుంచి తెచ్చిన గ్రీజు ఎంత తుడిచినా పోయేది కాదు. ఒట్టి ఆముదం అన్నిటికంటే నయం, కానీ చలికి చిక్కబడి ఒక్కచోట ముద్దగా నిలిచేది, అలా నిలిచినచోట డొల్ల సొట్టపడేది. "నూనెకి నలగటం చేతకాదమ్మా, ఇత్తడికి చేతనవును. ఎక్కువైనా నష్టమే" అని సొట్టపడిన డొల్లని నాకు చూపించేవాడు.

చివరికి గొర్రె బొచ్చు దగ్గర ఆగాడు. కోతలయ్యాక మెరక ప్రాంతాల నుంచి గొర్రెల మందలు మా చేలలోకి దిగేవి, మంద కట్టించుకుంటే చేనుకి ఎరువు. ఆ కాపరుల దగ్గర ముడ్డి బొచ్చు, మురికి బొచ్చు, వాళ్లు పారేసేది ఏరుకొచ్చి, ఉప్పు నీళ్లలో పెరటి పొయ్యి మీద సగం రోజు ఉడికించేవాడు. పైన తేలిన తెట్టు గరిటెతో తీయడం నా పని. ఆ కంపు రెండు రోజులు జుట్టుని వదిలేది కాదు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కూర ఉడకేస్తే తినే తీరిక లేదు గానీ, బొచ్చు ఉడకేసుకునే తీరికుంది మీ నాన్నకి. రేపు క్రిస్మస్‌కి అదే వడ్డిస్తా, తినండి తండ్రీ కూతుళ్లిద్దరూ" అనేది. తెట్టుని రెండు మూడుసార్లు వడగడితే చందమామ రంగు కొవ్వు మిగిలేది. అందులో తేనె మైనం, కొంచెం ఆముదం కరిగించి కలిపి, రేకు డబ్బాలో పోసి చల్లార్చేవాడు. చలికాలానికి మైనం తగ్గించేవాడు, ఎండలకి పెంచేవాడు. కొలత అంటూ ఏమీ లేదు, బొటనవేలి గోరు మీద కొంచెం పూసి, వేలు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "కనపడకూడదు, తగలాలి." అది ఆయన తూకం. ఒక డొల్లకి పెసరగింజంత చాలు. పని అయ్యాక మెత్తటి పాతగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే లోపల పోసే తుపాకి మందు జిడ్డు పట్టి చచ్చిపోతుంది.

దాన్ని నాన్న కందెన అనేవాడు. మా వైపు కందెన అంటే అందరికీ ఒకటే తెలుసు, బండి ఇరుసుకి రాసేది. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి నల్లగా నూరి, వెదురు గొట్టంలో పోసి, బండి కింద వేలాడదీసుకుంటారు. మా నాన్నని కాపలా పెట్టిన రైతుల్లో పెద్దాయన రాఘవయ్య గారు ఒకసారి మా అరుగు ముందు నిలబడి, డబ్బా చూసి, "ఏరా దేవదానం, నీ తుపాకీకి చక్రాలు కూడా ఉన్నాయా? కందెనంటున్నావు?" అని పెద్దగా నవ్వారు. నాన్న తలెత్తకుండానే, "కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అంటారు గదండీ. నాకా సంగీతం వద్దండీ" అన్నాడు. నాన్న హాస్యం ఆడటం నేను విన్నది అంతకు ముందూ తర్వాతా లెక్కపెట్టినన్నిసార్లే.

డొల్లలకి జిడ్డు పూయడం ఎనిమిదో ఏడు నుంచీ నా పని. చెక్క మీద నలభై డొల్లలు వరసగా నిలబెట్టుకుని, చూపుడువేలితో పెసరగింజంత తీసి, అరచేతుల మధ్య డొల్లని దొర్లించేదాన్ని. నాన్న సుత్తితో తోసేవాడు. అవతల బయటికి వచ్చిన డొల్లని నేను తుడిచేదాన్ని. అక్కడితో నా పని అయిపోయేది. మందు డబ్బా తీసేటప్పుడు నన్ను వాకిట్లోకి పంపించేసేవాడు, ఇంట్లో దీపం కూడా ఆర్పించేవాడు.

పదో ఏట మా పేటలోకి రూతు వచ్చింది. వాళ్ల నాన్న కాంపౌండరు. రూతుకి రబ్బరు చెప్పులు ఉండేవి, ఆ చెప్పుల్లో గోధుమపిండి ముద్దల్లాంటి మడమలు ఉండేవి. నావి చూస్తే మనిషి కాళ్లనిపించేవి కావు. బురదలోనూ, కోసిన చేలలో కొయ్యకాళ్ల మధ్యా తిరిగి చలికాలానికి మడమలు నెర్రెలు విచ్చి నెత్తురు చిమ్మేవి, మునివేళ్ల మీద నడిచేదాన్ని. మా చర్చిలో ప్రార్థనకి మోకాళ్లూనితే అరికాళ్లు వెనక వరసకి కనిపిస్తాయి. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో వెనక నుంచి రూతు గుసగుసగా, "ఏంటే సువార్తా, నీ మడమల్లో ఎండ్రకాయలు కాపరం పెట్టొచ్చే" అంది. పక్క పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. పాస్టరు అయ్యగారు ప్రార్థిస్తూనే ఉన్నారు. నేను పరికిణీని కాళ్ల మీదకి లాక్కున్నాను, అది చాలలేదు.

ఆ సాయంత్రం, కాపలా రోజులు వచ్చేలోపు చిలుము పట్టకుండా డొల్లలకి జిడ్డు పూసి తుడిచాక, చేతికి మిగిలిన జిడ్డు గుడ్డకి తుడవకుండా మడమకి రాసుకున్నాను. పారేసేదేగా అనుకున్నాను. పొద్దున లేచేసరికి నెర్రె అంచులు మెత్తబడ్డాయి, నేల మీద పూర్తి పాదం ఆనించి నిలబడగలిగాను. మర్నాడు చేతికి మిగిలింది చాలక డబ్బాలోంచి పెసరగింజంత తీశాను. ఆ తర్వాత శనగగింజంత. ఆ తర్వాత కొలత పోయింది. చేతులకీ, మోచేతులకీ కూడా పూసుకున్నాను. అద్దం ముందు నిలబడే అలవాటు లేని పిల్లని, వంగి నా మడమలు నేనే చూసుకునేదాన్ని. క్రిస్మస్ నాటికి రూతు నా వెనక వరసలో కూర్చోవాలని కోరుకున్నాను. నా బతుకులో నేను ఒళ్లు చూసుకుని మురిసింది ఆ నెల రోజులే.

నారుమళ్లు పోసిన రోజు నాన్న కాపలా గుడిసె వేయడానికి పొద్దున్నే పొలం బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "అమ్మాయ్, సందేళకి వచ్చేస్తా. ఈలోపు డొల్లలన్నిటికీ కందెన రాసి ఉంచమ్మా. రేపటి నుంచి బాతులు దిగుతాయి" అన్నాడు. ఆయన వెళ్లాక డబ్బా మూత తీశాను. అడుగు రేకు తళతళలాడింది. మూలల్లో గోరుతో గీకితే రెండు డొల్లలకి వచ్చింది. ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి.

బొచ్చు దొరకాలంటే మందలు రావాలి, మందలు ఇంకా రాలేదు. ఇంట్లో ఆముదం గిన్నె అమ్మ చేతి కింద ఉండేది, దీపానికి ఎంత, మా చంటి తమ్ముడి మాడుకి ఎంత అని కళ్లతో కొలిచే మనిషి. అడిగితే ఎందుకని అడుగుతుంది. పొలానికి పరుగెత్తి నాన్నకి చెబితే సరిపోయేది, ఆయన ఏదో ఒకటి చేసేవాడు. కనీసం ఒట్టి ఆముదంతో గడిపేవాడు. కానీ చెబితే డబ్బా ఎలా అయిపోయిందో చెప్పాలి. కళ్లం పక్కన రాఘవయ్య గారి బండి నిలబెట్టి ఉంది, దాని కింద వెదురు గొట్టం వేలాడుతోంది. అందులోదీ ఆముదమే కదా, దాని పేరూ కందెనే కదా అనుకున్నాను. కొబ్బరి చిప్పలో ఒంపుకొచ్చి, పాత చీర పేలికలో పిండి, నల్లటి జిడ్డు ముప్పై ఎనిమిది డొల్లలకీ పూసి, పైపైన తుడిచి వరసగా నిలబెట్టాను.

వరిగడ్డి మసిలో ఏముంటుందో నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. ఆ బూడిదలో ఇసక కంటే సన్నటి పలుకు ఉంటుంది, అందుకే దాంతో అంట్లు తోముతారు. మా ఇంట్లో ఇత్తడి చెంబుని రోజూ ఆ బూడిదతో గీతలు పడేదాకా తోమేదాన్ని నేనే.

నాన్న వచ్చి, కాళ్లు కడుక్కుని, సుత్తి తీసుకుని కూర్చున్నాడు. మొదటి రెండు నేను మంచి జిడ్డు పూసినవి, మెత్తగా జారిపోయాయి. మూడోది 'కర్ర్' మంది. ఆగి దాన్ని చూశాడు, చలికేమో అనుకున్నట్టున్నాడు, ఇంకోటి పెట్టాడు. అరుగు మీద వెలుతురు తగ్గిపోతోంది, నలుపు నలుపుగా తెలియడం లేదు. ప్రతి డొల్లకీ ఆ మోత పెరిగింది. తొమ్మిదోది సగం దాకా వెళ్లి ఆగింది. గట్టిగా కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. తిప్పి అటునుంచి కొట్టాడు. డొల్ల మూతి నలిగిపోయింది తప్ప కదల్లేదు. అప్పుడు నాన్న సుత్తి కింద పెట్టి, పక్క డొల్ల తీసుకుని బొటనవేలితో రుద్ది, వేలు వెలుతురు వైపు పెట్టి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"కందెన" అన్నాను.

"ఏ కందెన?"

"నువ్వు కందెన రాయమన్నావుగా. బండి కింద గొట్టంలోది తెచ్చి రాశాను."

"మరి మన డబ్బా?"

"ఎలుకలు నాకేశాయి."

అమ్మ వంటింట్లోంచి చంటివాణ్ని చంకనేసుకుని బయటికి వచ్చింది. నా మొహం, నాన్న మొహం చూసి, సంగతి సగమే అర్థమైనా నోరు విప్పింది. "దాన్నంటావేం? ఊరూవాడా కందెనంటే అదే. గొర్రె ముడ్డి బొచ్చుకి కందెనని పేరు పెట్టింది నువ్వొక్కడివేగా! పదేళ్ల పిల్ల, దానికేం తెలుసు? చెప్పేవాడివి సరిగ్గా చెప్పాలి" అని దులిపేసింది. నేను అమ్మ వెనక్కి చేరి నిలబడ్డాను. నాన్న ఆ కడియాన్ని ఒళ్లో తిప్పుతూ కూర్చుని, "నిజమేలే. నాదే తప్పు. మైనం అనాల్సింది" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కడియంలోంచి బయటపడిన ఎనిమిది డొల్లల్నే తుడిచి నింపుకున్నాడు, అవి ఒక్క రాత్రికి సరి. మర్నాడు ఆ కాపలా ముగించుకుని, పై రోజు పొద్దుటి బస్సుకి నాన్న కడియాన్ని తువ్వాల్లో మూటగట్టుకుని విజయవాడ బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. అంత దూరం నేను వెళ్లడం అదే మొదలు. వన్ టౌన్ సందుల్లో తోపుడు బళ్లు, బెల్లం బస్తాల తీపి వాసన, మిరపకాయల ఘాటు, పైనెక్కడి నుంచో గుడి గంట, ఇవన్నీ వేరే రోజైతే నోరు తెరుచుకుని చూసేదాన్ని. సాహెబు గారి కొట్టు ఉన్నచోట ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్నారు. నాన్న అక్కడ ఒక నిమిషం నిలబడ్డాడు. పక్క సందులో లేతు పనివాడు కడియాన్ని దీపం ముందు పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూసి, "లోపలంతా గీతలు పడిపోయినయ్ బాబాయ్. డొల్ల తియ్యాలంటే లోపలి బెజ్జం పెంచాలి. పెంచితే నీ కొలత పోద్ది. ఏం పెట్టి తోశావు, ఇసకా?" అన్నాడు. నాన్న కడియం కోసం చెయ్యి చాపాడు. "ఇంక కాయితాల మీద బరువుకి పెట్టుకో" అని వెనక్కి ఇచ్చేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

బస్టాండుకి నడుస్తుంటే నాన్న ఒక చెప్పుల కొట్టు ముందు ఆగాడు. "క్రిస్మస్‌కి కాళ్లకేవన్నా ఉండాలిగా" అన్నాడు. నాకు ఒద్దనాలనిపించింది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తను కింద గొంతుక్కూర్చుని, నీలం పట్టీల రబ్బరు చెప్పు తొడగడానికి నా కుడి మడమని అరచేతిలోకి తీసుకున్నాడు. ఆ చేతి బొటనవేలే గోరు మీద జిడ్డుని తూచే వేలు. అది నా మడమ మీద ఆగిపోయింది. ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిరిగింది. కనపడకూడదు, తగలాలి. ఆయనకి తగిలింది. తల ఎత్తకుండా, చెప్పు పట్టీలోకి నా వేళ్లు దూర్చుతూ, "మడమలు మెత్తబడ్డాయే" అన్నాడు.

అంతే. కొట్టువాడితో కొలత సరిపోయిందన్నాడు, డబ్బులిచ్చాడు, బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టాడు. బందరు కాలవ పక్కనుంచి వస్తుంటే ఏదో ఒకటి అంటాడని చూశాను. ఒళ్లో తువ్వాలు మూట మీద రెండు చేతులూ పెట్టుకుని నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాడు, నిద్రపోలేదు.

ఆ వారం రాఘవయ్య గారి మడి, దాని పక్క రెండు మళ్లూ బాతుల పాలయ్యాయి. నాన్న రేకు డబ్బాలు వాయించుకుంటూ, అరుచుకుంటూ గట్ల వెంట పరుగెత్తాడు, వాటికి తుపాకీ మోతకీ రేకు మోతకీ తేడా తెలియదా? రైతులు ఆకివీడు నుంచి ఇంకో తుపాకీ మనిషిని పిలిపించుకున్నారు. "ఏం చెయ్యమంటావురా, మళ్లీ విత్తనం ఎక్కడ తేను?" అన్నారు రాఘవయ్య గారు, ఆయన మాటలో కోపం కూడా లేదు. ఆ క్రిస్మస్‌కి చర్చిలో మోకాళ్లూనినప్పుడు రూతు నా వెనక వరసలోనే కూర్చుంది. నా అరికాళ్లు చూసిందో లేదో తెలియదు. నేను పరికిణీ కాళ్ల మీదకి లాక్కుని, ప్రార్థన అయ్యేదాకా తీయలేదు. ఇంట్లో కలువ దుంపల పులుసు. చెప్పులు గుమ్మం పక్క ఉన్నాయి, నేను వేసుకోలేదు, మరుసటి ఏడాదికి కాళ్లకి పట్టలేదు.

తరువాతి కాపలాకి నాన్నని ఎవరూ పిలవలేదు. తుపాకి అమ్మేశాక మేం గుడివాడ చేరాం, నాన్న ఒక రైసు మిల్లులో ఊక ఎత్తే పనికి కుదిరాడు. ఐదో తరగతి తర్వాత నన్ను అమ్మ నాట్లకి తీసుకెళ్లింది. మిల్లులో యంత్రాల చక్రాలకి రాసేదాన్ని అందరూ కందెన అనేవాళ్లు. మా నాన్న మాత్రం నూనె అనేవాడు, గ్రీజు అనేవాడు, ఆ మాట మళ్లీ ఆయన నోట నేను వినలేదు. ఊక దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది, దివిసీమ ఉప్పెన తర్వాత రెండేళ్లకి దగ్గుతో పోయాడు. చివరి నెల పక్కన కూర్చుని ఛాతీకి కర్పూరం నూనె రాసేదాన్ని. చెప్పేద్దామని ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను. చెబితే ఆయన 'నాకు తెలుసులే' అంటాడని భయం. అంటే నేను ఏడవాలి. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాలి. ఆ పని కూడా ఆయనకే పెట్టలేక ఊరుకున్నాను.

తర్వాత తర్వాత పిట్టల్ని కొట్టకూడదని చట్టాలు గట్టిపడ్డాయి, ఎలాగూ ఆగిపోయే పనేగా అని మా అమ్మ ముసలితనంలో అనేది. నాకు ఆ ఓదార్పు పట్టదు. దానంతట అది ఆగిపోవడం వేరు, నేను ఆపడం వేరు.

మొన్నామధ్య ఎవరిదో పెళ్లికి వెళ్తూ మా పేట మీదుగా కారులో పోయాం. మా ఇల్లున్న చోటు కూడా కనుక్కోలేకపోయాను. కొల్లేరంతా చేపల చెరువుల గట్లు, మోటార్ల మోత. ఎడ్ల బండి ఒక్కటీ కనపడలేదు, బండి లేకపోతే దాని కింద గొట్టం ఎక్కడిది? మా మనవరాలికి బండి కందెనా తెలియదు, తుపాకి కందెనా తెలియదు. రెండిటినీ ఒకే పేరుతో పిలిచిన ఇల్లు పోయాక, ఆ పేరు చాటున దాక్కునే అవసరం కూడా ఎవరికీ లేకుండా పోయింది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అలమరలోంచి ఆ ట్యూబు తీశాను. కడియాన్ని కడిగి, తుడిచి, ఇరుక్కున్న డొల్ల చుట్టూ పెసరగింజంత పెట్టి వేలితో సందుల్లోకి పోయేలా రుద్ది, డాబా మీద ఎండలో ఉంచాను. సాయంత్రం వేడిగా ఉండగానే తెచ్చి, కింద మడత గుడ్డ వేసి, పచ్చడి బండతో రెండు దెబ్బలు వేశాను. అప్పుడే పిల్ల కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"ఏం చేస్తున్నావు మామ్మా?"

"కందెన రాస్తున్నా" అన్నాను.

ఊఁ అని ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. డొల్ల కదల్లేదు. ఏ కందెన అని అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అడిగితే ఈసారి నిజం చెప్పేదాన్ని.